చండూరా? తాండూరా?

మా అన్నకు ఎనభై నిండాయి. హైదరాబాదు బండి తాండూరు స్టేషనులో ఆగిందంటే చాలు, ఎంత గాఢనిద్రలో వున్నా లేచి, చెప్పులు బండిలోనే విడిచి, ప్లాటుఫారం మీదికి దిగి, వంగి నేలను తాకి కళ్ళకద్దుకొని, మళ్ళీ ఎక్కి కూర్చుంటాడు. బండి ఎక్కడ కదిలిపోతుందోనని మా వదినె తలుపు దగ్గర నిలబడి ప్రాణాలు అరచేత పెట్టుకొని చూస్తూ వుంటుంది. తోటి ప్రయాణీకులు ఆయనకేదో మొక్కు వున్నదనుకుంటారు. ఆయన మాత్రం, "మా అమ్మ పుట్టిన ఊరు" అని బోగీ అంతా వినపడేట్టు చెప్పి దుప్పటి కప్పుకుంటాడు. ముప్పయ్యేళ్ళుగా ఇదే తంతు.

"అన్నా, అమ్మ పుట్టింది తాండూరు కాదు, చండూరు" అని ముప్పయ్యేళ్ళుగా నేనూ అంటూనే వున్నాను.

"నీకు చెవుడు" అంటాడు.

"నీకే" అంటాను.

తాండూరు వికారాబాదు జిల్లాలో, మనం బొంబాయి నుంచి పోయే దారిలోనే వున్నది. చండూరు నల్లగొండ జిల్లాలో, హైదరాబాదు దాటి ఆవలిపక్క వున్నది. రెండింటికీ నడుమ హైదరాబాదు పట్నమంతా వుంది. అక్షరం ఒక్కటే తేడా. ఊళ్ళు మాత్రం ఒకదానికొకటి చూపు మేరలో లేవు. చివరకు ఈ తగవు తీర్చినది ఏ పెద్దమనిషీ కాదు, ఏ పాత దస్తావేజూ కాదు. ట్రంకుపెట్టె అడుగున ముప్పయ్యయిదేళ్ళు మగ్గిన ఒక వీడియో క్యాసెట్టు. ఇటువంటి క్యాసెట్టు మీ ఇంటి అటక మీద కూడా వుండవచ్చు గనుక దాని కథ కొంచెం వివరంగానే చెబుతాను. విసుక్కోకండి.

కన్నతల్లి పుట్టిన ఊరు తెలియని పిల్లలుంటారా అని కొందరు నవ్వవచ్చు. కామాటిపురలో పుట్టి పెరిగినవారు నవ్వరు. నిజాం రాజ్యం నుంచి తట్టా పారా పట్టుకొని వచ్చి ఈ పట్నానికి ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాటీల వల్లనే మా పేటకు ఆ పేరు వచ్చింది. ఎవరు ఏ ఊరినుంచి వచ్చారో ఎవరు రాసిపెట్టారు గనుక? కాగితంలో "హైదరాబాద్ స్టేట్" అని ఒక్క ముక్క వుంటే అదే గొప్ప. మా నాయన వైపున కరీంనగరం దగ్గర ఇల్లూ, పాలివాళ్ళూ వున్నారు. కాబట్టి మా ఇంట్లో "ముల్కు" అంటే అదే. అమ్మకు తల్లిదండ్రులు పసితనంలోనే పోయారు. అయిదారేళ్ళ పిల్లను మేనమామ భుజాన వేసికొని బొంబాయి తెచ్చాడట. ఆ మేనమామ కూడా తొందరగానే పోయాడు. పుట్టింటికి పోవడం, పుట్టింటి నుంచి చీరె రావడం అన్నవి మా అమ్మ ఎరుగదు. పండుగనాడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పుట్టింటి చీరెలు కట్టుకొని వచ్చి చూపిస్తూ వుంటే, ఏదో పని కల్పించుకొని లోపలికి పోయేది. మేము ఎన్నడూ అడగలేదు. ఆ మాటకు వస్తే, అమ్మకు కూడా ఒక పుట్టిన ఊరు వుంటుందని మాకు తట్టనే లేదు. మా గల్లీలోనే పుట్టిందనుకున్నాం కాబోలు.

అడిగినవాడు మా తమ్ముడు. వాడు చదువుకొని అమెరికా పోయి న్యూజెర్సీలో వుద్యోగంలో చేరాడు. 1989 దసరాకు వచ్చినప్పుడు భుజం మీద పెట్టుకొనే పెద్ద వీడియో కెమెరా ఒకటి తెచ్చాడు. చిన్నపాటి తోపంత వుండేది. గల్లీలో పిల్లలంతా దాని వెంట పడ్డారు. మా గల్లీలకు కెమెరాలు కొత్తవి కావులెండి. హిందీ సినిమాలవాళ్ళూ, పత్రికలవాళ్ళూ, దేశదేశాలవాళ్ళూ వచ్చేవారు. వాళ్ళు తీసికొని పోయేది వేరు. కామాటిపుర అనగానే లోకానికి ఒకటే అర్థం. పిల్ల పెళ్ళికి సంబంధం వస్తే ఇంటి చిరునామా చెప్పడానికి మా అమ్మ ఎంత నలిగిపోయేదో నాకు తెలుసు. అదే గల్లీలో నీళ్ళు చల్లి, ముగ్గుపెట్టి, దాదరు పూలమార్కెట్టు నుంచి బంతీ చామంతీ తెచ్చి, తంగేడు దొరకలేదని విచారిస్తూ ఆడవాళ్ళు పేర్చిన బతుకమ్మను ఆ కెమెరాలేవీ చూడలేదు. చూసినది మా తమ్ముడి కెమెరా ఒక్కటే.

రాత్రివేళ. పొడుగాటి వైరుకు కట్టిన పెద్ద బల్బు ఒకరెవరో పైకి పట్టుకొని వున్నారు. ఆట అయిపోయిన తర్వాత అమ్మ గడపలో కూర్చున్నది. తమ్ముడు కెమెరా కన్నుకు ఆనించుకొనే, "అమ్మా, నువ్వు పుట్టింది ఏ ఊరే?" అన్నాడు. అమ్మ సిగ్గుపడి నవ్వింది. ఏదో చెప్పింది. అన్న ఆ వేళకు రాత్రి పనికి పోయాడు. 1982 సమ్మెలో మిల్లు పని పోయిన తర్వాత ఒక గోదాములో కాపలా వుద్యోగం చేసేవాడు. నేను లోపల సత్తుపిండి పంచుతున్నాను. తమ్ముడి ధ్యాస బొమ్మ మీదనే గాని మాట మీద లేదు. ఈనాటికీ వాడు, "అక్కా, ఫోకస్ చూసుకుంటున్న, వినలే" అంటాడు. చేతిలో యంత్రం వున్నదంటే చెవులకు పని లేదనుకుంటాం. అప్పటికీ ఇప్పటికీ అంతే.

అసలు క్యాసెట్టు వాడు తీసికొనిపోయాడు. మరుసటి ఏడు, 1990లో, దానికొక నకలు చేసి ఎరిగినవారి చేత పంపాడు. ఆ రోజుల్లో మాకు వి.సి.ఆర్. ఎక్కడిది? ఒక రాత్రికి అద్దెకు తెచ్చాం. పదడుగుల ఖోలీలో ముప్పైమందిమి కూర్చున్నాం. క్యాసెట్టు పెట్టగానే బొమ్మ గిరగిర పైకి దొర్లసాగింది. రంగు లేదు. మాట నత్తనడక నడుస్తూ బొంగురుగా, ఆడవాళ్ళ పాటంతా మగవాళ్ళు పాడుతున్నట్టు వినపడింది. పిల్లలు పడి పడి నవ్వారు. అమ్మ ముందువరసలో కూర్చున్నది. "నన్నెందుకురా ఇట్ల దొర్లిస్తున్నరు?" అన్నది. అందరం ఇంకా నవ్వాం.

ఆ రాత్రి అమ్మ మా మధ్యనే వుంది. టీవీ మీది అమ్మ ఏమన్నదో, పక్కన కూర్చున్న అమ్మను అడిగితే చెప్పేది. ఒక్కరం అడగలేదు. 1993లో అమ్మ పోయింది. తనను తాను నిలకడగా ఒక్కసారి కూడా చూసుకోలేదు.

బొమ్మ ఎందుకు దొర్లిందో మా మనవడు చెప్పేదాకా నాకు తెలియదు. పంతులమ్మగా ముప్పయ్యేళ్ళు మునిసిపాలిటీ తెలుగు బడిలో పాఠాలు చెప్పినదాన్ని గనుక, తెలుసుకున్నది తిరిగి చెప్పకపోతే నాకు తోచదు. టీవీ బొమ్మ నిజానికి గీతల వరస. మన దేశం పట్టినది పాల్ అనే పద్ధతి: ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికావాళ్ళది ఎన్.టి.ఎస్.సి.: 525 గీతలు, సెకనుకు ఇంచుమించు 30 బొమ్మలు. ఈ తేడాకు మూలం కరెంటు. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు, వాళ్ళది 60. తొలినాటి టీవీలు కరెంటు తాళానికి అడుగు కలిపి నడిచేవి. ఆ తర్వాత రంగును కలిపే తీరు కూడా ఎవరిది వారిదయింది. ఇక మన వి.సి.ఆర్. ఆ అమెరికా టేపును తన తాళానికి తగ్గట్టు నిమ్మళంగా లాగింది. అందుకే మాటలు బొంగురుపోయాయి. యంత్రం తప్పు లేదు, టేపు తప్పు లేదు. ఒకరి భాష ఒకరికి రాదు, అంతే.

అమ్మ సంవత్సరీకానికి ఆ క్యాసెట్టును మన పద్ధతిలోకి మార్పించాలని అన్న పట్టుబట్టాడు. 1994లో ఒక దుకాణంవాడు ఒప్పుకున్నాడు. దుకాణం పేరు ఎందుకులెండి. ఒక పద్ధతిని ఇంకొక పద్ధతిలోకి సరిగా మార్చే యంత్రాలు అప్పట్లో చాలా ఖరీదు. చిన్న దుకాణాలవాళ్ళకు అందేవి కావు. ఆ పెద్దమనిషి చేసినదేమిటంటే, అమెరికా టేపు ఆడే టీవీ ఒకటి సంపాదించి, దాని యెదుట మన కెమెరా నిలబెట్టి, తెర మీది బొమ్మను బొమ్మ తీశాడు! మాటను కూడా టీవీ గొట్టం నుంచి గదిలోకి వచ్చిందే మైకుతో పట్టాడు. వాడి దుకాణం రోడ్డు పక్కన. తమ్ముడు "ఏ ఊరే?" అని అడిగి, అమ్మ నవ్వి నోరు తెరిచిన క్షణాన, బయట ఎవడో మహానుభావుడు స్కూటరు హారను కొట్టాడు. "పీం...డూరు" అని వినపడుతుంది.

ఇదీ మా కురుక్షేత్రానికి మూలం. ఆ హారను వెనుక నుంచి అన్నకు "తాం" వినపడింది. నాకు "చం" వినపడింది. అన్నకు అట్లా వినపడడానికి కారణం లేకపోలేదు. ఏటా ముల్కుకు పోయేటప్పుడు దారిలో తాండూరు వస్తుంది. బండలు పరచిన ఊరు, కళ్ళతో చూసిన ఊరు. చండూరును మా ఇంట్లో ఎవరూ చూడలేదు. నా చెవికి అది ఎందుకు వినపడిందో నేను చెప్పలేను. అన్న మాటకు ఎదురు చెప్పడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటని వదినె అంటుంది.

తర్వాత జరిగినదంతా ఆ తెరబొమ్మకు పుట్టిన సంతానమే. 2003లో దాన్ని వి.సి.డి. చేయించాం. 2010లో ఆ వి.సి.డి. నుంచి డి.వి.డి. చేయించాం. వి.సి.డి. బొమ్మలో అడ్డంగా 352, నిలువున 288 చుక్కలు మాత్రమే పడతాయి, డి.వి.డి.లో 720, 576. ఎక్కువ చుక్కలు గనుక బొమ్మ బాగుపడుతుందని మా ఆశ. గిన్నెడు పాయసాన్ని గుండిగలో పోస్తే గుండిగెడు అవుతుందా? అయ్యో, అప్పుడు ఈ మాట చెప్పినవారు లేరు. ఆ డి.వి.డి.ని తమ్ముడికి పంపితే, అది పాల్ డి.వి.డి. కావడాన వాడి ఇంటి యంత్రం ఆడనన్నది. అమెరికాలో పుట్టిన క్యాసెట్టు బిడ్డ అమెరికాకు తిరిగిపోతే లోపలికి రానివ్వలేదన్నమాట! ఏమయితేనేం, కంప్యూటరులో వస్తున్నది గదా అని వాడు సరిపెట్టుకున్నాడు. పెట్టుకొని, ఇల్లు మారేటప్పుడు అసలు క్యాసెట్టు ఇక అనవసరమని పారవేశాడు. 2016లో సెల్‌ఫోనులో చూడడానికి డి.వి.డి.ని మళ్ళీ ఎం.పి.4 చేయించాం. అది వాట్సాప్‌లో చుట్టాల మధ్య తిరిగి తిరిగి ఇంకా చిక్కిపోయింది. కొత్త వెడల్పు టీవీలో పెడితే అందరూ పక్కలకు సాగిపోయి కనపడేవారు. "నేనెన్నడు గింత లావున్న?" అని మా వదినెకు ఒకటే కష్టం. అమ్మ ముఖంలో కన్నూ ముక్కూ కలిసిపోయి, మసక తెలుపు మీద ఎర్రటి బొట్టు ఒకటి మిగిలింది.

సరే, ఎవరికి వినపడింది వారు నమ్ముకొని ఎప్పటికో పోదుము. కాని నిరుడు అన్న ఒక సంకల్పం చేశాడు. పైసా పైసా కూడబెట్టిన లక్షా పాతికవేల రూపాయలతో, అమ్మ పుట్టిన ఊళ్ళో బడిపిల్లలకు చల్లని మంచినీళ్ళ యంత్రం ఒకటి అమ్మ పేరుతో పెట్టించాలని. తాండూరులో ఎవరినో పట్టుకొని మాట్లాడాడు కూడా. పేరు చెక్కే పలక ఎంతవుతుందో కనుక్కున్నాడు. "అన్నా, పలకలో 'జన్మస్థలం' అని రాయించకు" అని బతిమాలాను. ఆయన నా ముఖం చూడకుండా, "నీకు ఇష్టం లేకుంటే రాకు" అన్నాడు. నేను వర్లీ వచ్చి రెండు నెలలు ఫోను చేయలేదు. ఎనభై ఏళ్ళ అన్నతో డెబ్భై మూడేళ్ళ చెల్లెలు ఒక్క అక్షరం మీద మాటలు మానుకున్నదంటే నవ్వులాటగా వుంటుంది గాని, అనుభవించేవారికి తెలుస్తుంది.

అంతలో అన్న వాళ్ళ భవనానికి పెద్ద మరమ్మతు వచ్చి, ఖోలీ ఖాళీ చేయవలసి వచ్చింది. సామాను సర్దడానికి వదినె పిలిపించింది, అన్న పిలవలేదు. అటక మీద అమ్మ ట్రంకుపెట్టె. అందులో ఇత్తడి చెంబు, నాయన మిల్లు పాసు, దాని కింద పాలిథీను సంచిలో ఆ 1990 నాటి అమెరికా నకలు. మా వాళ్ళ ఇంట్లో పాత వస్తువును పారవేయడమంటూ లేదు. దానికి ఆనాడు వదినెకు చేతులెత్తి మొక్కాను.

క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లని బూజు. నా కూతురి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు దాన్ని చూసి, "అమ్మమ్మా, దీన్ని ఏ మిషన్లో పెట్టొద్దు. బూజు మిషన్‌కు అంటుకుంటది, మిషన్ టేపును కొరుకుతది" అన్నాడు. వారం రోజులు ఫానుగాలి సోకని పొడిచోట వుంచాడు. వెనుక వున్న అయిదు మరలు విప్పి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, టేపును కొంచెం కొంచెంగా చుట్టుతూ మెత్తని గుడ్డతో తుడిచాడు. మూడు సాయంత్రాలు పట్టింది. పాత గుళ్ళో పటం తుడిచినట్టు తుడిచాడు.

తర్వాత యంత్రం కావాలి. వి.సి.ఆర్.లు చేసే ఆఖరి జపాను కంపెనీ 2016లోనే తయారీ ఆపివేసింది. లామింగ్టన్ రోడ్డులో అడిగితే కుర్రవాళ్ళు "వి.సి.ఆర్. అంటే?" అన్నారట. చివరకు చోర్‌బజారులో ఒక ముసలాయన దగ్గర, ఎవరో గల్ఫు నుంచి తెచ్చి అమ్ముకున్న యంత్రం దొరికింది. గల్ఫులో అన్ని దేశాల టేపులూ తిరిగేవి గనుక, అక్కడ అమ్మే యంత్రాలు చాలావరకు అన్ని పద్ధతులూ ఎరిగినవి. దీనికి వెనుక ఒక చిన్న మీట వుంది. అటు తిప్పితే అమెరికా, ఇటు తిప్పితే ఇండియా. ముప్పయ్యేళ్ళు మమ్మల్ని వేధించిన వ్యవహారమంతా గోరంత మీట మీద వున్నదని చూసి నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నేను మనవడితో, "నాయనా, ఇప్పుడైనా దీన్ని మన పద్ధతిలోకి సరిగ్గా మార్చు" అన్నాను. వాడు, "మార్చేదే లేదు" అన్నాడు. ఎందుకో వాడు చెప్పినది నాకు బాగా పట్టింది. మన డబ్బావాలాను తలచుకోండి. డబ్బా వేరు, డబ్బాలోని కూర వేరు. ఎం.పి.4, ఎం.కె.వి., ఎ.వి.ఐ. అనేవి డబ్బాల పేర్లు. లోపల బొమ్మను వండిన తీరుకు వేరే పేర్లు: ఎంపెగ్-2 అనీ, హెచ్.264 అనీ. ఫోను "ఈ ఫైలు ఆడను" అన్నప్పుడు చాలాసార్లు దానికి నచ్చనిది డబ్బా మాత్రమే. కూరను కదపకుండా వేరే డబ్బాలోకి తీస్తే సరిపోతుంది. క్షణంలో పని, రుచి పోదు. మనం తెలియక, దుకాణంవాడు చెప్పక, ప్రతిసారీ కూరనే మళ్ళీ పొయ్యి మీద పెట్టించాం. నాలుగుసార్లు వండిన కూర ఎట్లా వుంటుందో ఆడవారికి చెప్పనక్కరలేదు. ఇకపోతే 25 బొమ్మలా 30 బొమ్మలా అన్న తగాదా పాత టీవీ పెట్టెలది. నేటి ఫోనూ, కంప్యూటరూ రెండింటినీ ఆడతాయి. 30 బొమ్మలను 25 చేయాలంటే కొన్ని పారవేయాలి, లేదా రెండింటిని కలిపి మసక చేయాలి. చప్పట్లు కొట్టే చెయ్యి అతికీ అతకనట్టు కదులుతుంది. ఎవరికోసం పారవేయడం?

అందుచేత టేపులో వున్నది వున్నట్టుగా, ఏమీ పోగొట్టకుండా కంప్యూటరులోకి ఎక్కించాడు. నలభై నిమిషాల బొమ్మ 20 గిగాబైట్ల దాకా అయింది. అది తల్లి ప్రతి. రెండు వేరువేరు డిస్కుల మీద, ఒకటి వర్లీలో, ఒకటి తమ్ముడి దగ్గర వుంచారు. దాని జోలికి ఎవరూ పోరాదు. చూసుకోవడానికి దాన్నుంచి చిన్న ఎం.పి.4 ఒకటి వేరే చేశాడు. పాత వీడియోలో ప్రతి బొమ్మా బేసి గీతలొకసారి, సరి గీతలొకసారి, రెండు సగాలుగా వుంటుందట. కంప్యూటరులో చూస్తే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ళు కనపడతాయి. చిన్న ప్రతిలో మాత్రం వాటిని సరిచేశాడు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాధనంతో చేశాడట; దానికి దమ్మిడీ ఖర్చు లేదు, అందరికీ ఉచితం. పక్కలకు సాగకుండా నాలుగుకు మూడు కొలత కూడా పెట్టాడు. వదినె సన్నబడింది.

ఆదివారం సాయంత్రం అన్నను నా ఇంటికి పిలిచాం. రానన్నాడు. "టీ తాగి పోదువుగాని" అని మనవడు పోయి పట్టుకొచ్చాడు. నేను ఆయనతో మాట్లాడలేదు, ఆయన నాతో మాట్లాడలేదు. తమ్ముడు అమెరికాలో పొద్దున్నే లేచి ఫోనులో కూర్చున్నాడు.

బొమ్మ మొదలైంది. రంగులు! బంతిపూలు బంతిపూలలాగా వున్నాయి. అమ్మ చీరె ఆకుపచ్చదని నేను మరచిపోయాను. పాత నకళ్ళలో బూడిదరంగుగా వుండేది. గోడమీద సున్నం పెచ్చులు, నల్లా కింద బిందెల వరస, ఎదురింటి తాతమ్మ పుగాకు నమలడం, అన్నీ.

మాకు తెలిసిన బొమ్మలో ఎడమ అంచున బల్బు పట్టుకొన్న నాలుగు వేళ్ళు మాత్రం వుండేవి. అవి ఎవరివో ఎప్పుడూ పట్టించుకోలేదు. అసలే టీవీ తెర బొమ్మ అంచులను కొంత మింగుతుంది. ఆ దుకాణంవాడు కెమెరాను ఇంకా దగ్గరగా పెట్టి మరికొంత కోశాడు. ఇప్పుడు అంచు తెరుచుకున్నది. ఆ చెయ్యి వెనుక మనిషి వున్నాడు. మా వారు. తెల్ల లాల్చీ, చెయ్యి పైకెత్తి బల్బు పట్టుకొని, రెండో భుజం మీద నాలుగేళ్ళ మా చిన్నమ్మాయి నిద్రపోతూ వుంది. చెయ్యి నొప్పి పుట్టిందేమో, ఒకసారి బల్బును ఇంకొక చేతికి మార్చుకోబోయి, పిల్ల వున్నదని గుర్తుకు వచ్చి మానుకున్నారు. ఆయన 2001లో పోయారు. ఆయన కదిలే బొమ్మ మాకు ఇంకెక్కడా లేదు. మా అమ్మాయి, అంటే ఇప్పటి ఈ కుర్రవాడి తల్లి, లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. మనవడు బొమ్మ ఆపబోతే నేనే వద్దన్నాను.

తర్వాత గడపలో అమ్మ. "అమ్మా, నువ్వు పుట్టింది ఏ ఊరే?" అని తమ్ముడి లేతగొంతు. అమ్మ నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తీసింది. హారను లేదు.

"నల్గొండ దిక్కు చండూరు. చెరువు కట్ట మీదికెల్లి మా మామ నన్ను ఎత్తుకొచ్చిండు. ఎవరున్నరు ఇగ ఆడ? అడిగేటోళ్ళున్నరా, పెట్టేటోళ్ళున్నరా?"

ఇంత మాట వున్నదని మాకు తెలియదు. పాత నకలులో "డూరు" తర్వాత రోడ్డు మీది లారీ చప్పుడులో మిగిలినదంతా కలిసిపోయింది.

నేను గెలిచాను. గెలిచినట్టు నాకేమీ అనిపించలేదు. అన్న అద్దాలు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, "ఇంకోసారి పెట్టు" అన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. మూడోసారి అమ్మతో పాటు తనూ పెదవులు కదిపాడు. తర్వాత నా వైపు తిరిగి రెండు నెలల మీద మొదటిమాట మాట్లాడాడు. "అడిగేటోళ్ళున్నరా అన్నదే" అన్నాడు. "ఆ" అన్నాను.

తాండూరువారికి ఆ రాత్రే ఫోను చేసి చెప్పుకున్నాడు. పలక ఇంకా చెక్కలేదు, నయమే. మంచినీళ్ళ యంత్రం చండూరు బడిలో పెట్టడానికి మాటలు జరుగుతున్నాయి. చెరువు కట్ట చూడాలని అన్న పట్టు. వచ్చే దసరాకు నేనూ, అన్నా, వదినే, మా అమ్మాయీ పోవడానికి నిశ్చయం చేసికొన్నాం. వదినె అప్పుడే ఒక చీరె కొని పెట్టింది. చండూరులో ఎవరైనా ఒక పెద్దముత్తైదువుకు పెట్టి, ఆమె చేతిమీదుగా ఒకటి తెచ్చుకోవాలని. నా మట్టుకు నేను, ఆ నలభై నిమిషాలలో అమ్మ మాట్లాడిన ప్రతి మాటా తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. మా మనవలకు మాట అర్థమవుతుంది గాని చదవడం రాదు. రాయడం నా పని గనుక రాస్తున్నాను.

రైలు టిక్కెట్లు తీసేటప్పుడు మనవడు, "పెద్దతాతా, ఇగ తాండూరులో దిగే పని లేదు గదా, హాయిగ పండుకోవచ్చు" అన్నాడు.

అన్న కొంచెంసేపు ఆలోచించి, "ఎట్ల దిగకుండ వుంట? ముప్పయ్యేండ్లు మొక్కిన. ఇప్పుడు మొహం చాటేస్తె ఆ ఊరు ఏమనుకుంటది?" అన్నాడు.